ఊరి గ్రంథాలయమునకు ఊరివారే దిక్కు

ప్రభుత్వము తలచుకొన్నచో భవనము కట్టగలదు, పుస్తకములు కొనగలదు, గ్రంథపాలకునికి జీతమీయగలదు. ఈ గ్రంథాలయము మాదియను అభిమానమును ఊరివారి మనస్సులలో పుట్టించుట మాత్రము ఏ ప్రభుత్వమునకును చేతనైన పని కాదు. ఆ అభిమానమున్నచోట చిన్నగదిలో ప్రారంభించిన పుస్తకశాల నూరేండ్లు నిలిచినది. అది లేనిచోట మేడలకు సైతము తాళములు పడినవి. ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమ చరిత్ర నెరిగినవారెవ్వరును ఈ మాటను కాదనరని మా విశ్వాసము. అయినను దీనిని మరల చెప్పవలసి వచ్చుచున్నది. ఉప్పాడవంటి తీరగ్రామములను చూచినపుడు మరింత గట్టిగా చెప్పవలయునని తోచుచున్నది.

ఉప్పాడ పిఠాపురమునకు సమీపమున బంగాళాఖాతపు టొడ్డున ఉన్నది. ఊరిలో మగ్గముల చప్పుడు, ఊరి కడపట అలల చప్పుడు. ఇచ్చటి జమదానీ నేతకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇరువురు నేతగాండ్రు ఒక మగ్గము ముందు ప్రక్కప్రక్కన కూర్చుండి, పువ్వు పువ్వునకును వేరువేరుగ దారమును చేతితో ఎక్కించుచు, వెనుకవైపున పోగులు వ్రేలాడకుండ నేయునట్టి చీర అది. ఒక్క చీరకు వారములు పట్టును. పనితనము హెచ్చినకొలది నెలలు కూడ పట్టును. ఇక సముద్రము. అది అనేక సంవత్సరములుగా ఈ ఊరిని కొంచెము కొంచెముగా తినివేయుచున్నది. ఇండ్లు పోయినవి, చెట్లు పోయినవి. కాకినాడకు పోవు తీరపు రోడ్డును తుపాను అలలు పలుమార్లు కోసివేసినవి. అడ్డముగ వేసిన ఇసుకగొట్టముల గోడను కూడ కెరటములు చిందరవందర చేసినవి. అందుచేత ఉప్పాడ పేరు పత్రికలలో రెండు సందర్భములందే తఱచుగ కనబడును: చీర సొగసును వర్ణించునపుడు, రోడ్డు తెగినపుడు. ఆ ఊరివారు చదువుకొనుటకేమి దొరకుచున్నది, వారికేమి కావలసియున్నది అను ప్రశ్న వార్త కాలేదు.

పిఠాపురము ప్రక్కనే ఉన్నది గదా, ఆ సంస్థానపు విద్యాపోషణము ఉప్పాడకు చాలలేదా యని ఎవరైన అడుగవచ్చును. మహారాజా సూర్యారావు బహద్దరువారి పోషణమున సూర్యరాయాంధ్ర నిఘంటువు వెలువడినది. దాని మొదటి సంపుటము 1936లో అచ్చయినది. 1911లో జయంతి రామయ్య పంతులుగారి పూనికతో మద్రాసున ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు తరువాత కాకినాడకు తరలివచ్చి తాళపత్ర గ్రంథములను నాశమునుండి కాపాడినది. ఆంధ్రభాష వీరికి ఋణపడియున్నది. కాని అది పండితులకు జరిగిన ఉపకారము. మగ్గపుగుంటలో కాళ్లు దించి కూర్చున్నవానికిని, తెల్లవారుజామున నావను నీటిలోనికి నెట్టువానికిని ఆ తాళపత్రములతో పనిలేదు. పైగా రాజు పెట్టిన పుస్తకశాలలో అడుగుపెట్టువాడు అతిథివలె అడుగుపెట్టును. ఈ పుస్తకమేల లేదని గట్టిగా అడుగుటకు అతనికి నోరు రాదు.

గ్రంథాలయోద్యమము వేరొక త్రోవను వచ్చినది. 1886లో విశాఖపట్టణమున మంతిన ఆదినారాయణమూర్తిగారు సరస్వతీ నిలయమును నెలకొల్పిరి. 1898లో రాజమహేంద్రవరమున నాళము కృష్ణారావుగారు పుస్తక భాండాగారమును తెరచిరి. అప్పటికి ఆయనకు ఇరువది యేండ్లు నిండలేదు. ఆ నగరమునందలి వసురాయ గ్రంథాలయము, రత్నకవి గ్రంథాలయము కాలక్రమమున ఏకమై గౌతమీ గ్రంథాలయమైనవి. తరువాత అది ప్రభుత్వపరమైనది. 1901లో హైదరాబాదు నగరమున రావిచెట్టు రంగారావుగారి ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కొమర్రాజు లక్ష్మణరావుగారును, మునగాల జమీందారు నాయని వేంకటరంగారావుగారును దాని స్థాపకులలోనివారు. ఇందును ఒక జమీందారున్నమాట నిజమే. అయినను భాషానిలయమునకు ప్రాణము పోసినది ఉద్యోగములు ముగించుకొని సాయంకాలము వచ్చి కూర్చుండు సభ్యులు. తెలుగున సభ జరుపుకొనుటయే సాహసమైన ఆ రాజ్యమున తెలుగుపుస్తకములను ఒకచోట చేర్చుటకంటె పెద్ద రాజకీయము మరియొకటి లేకుండెను.

ఈ విడివిడి యత్నములను ఒక్కత్రాటిపైకి తెచ్చిన అయ్యంకి వేంకటరమణయ్యగారు మన గోదావరి సీమలోని కొంకుదురున జన్మించినవారు. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఆయన పూనికవలన ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రథమ మహాసభ జరిగినది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది. ఆ సభకు అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారు. పంతులుగారికి చూపు మందము. ఒకరు చదువగా వినియు, తాము చెప్పగా మరియొకరిచేత వ్రాయించియు అంతటి వాఙ్మయమును మనకిచ్చిన మహనీయుడాయన. చదువుట యనగా కంటితో చేయు పని మాత్రమే కాదని చెప్పుటకు అంతకంటె తగిన అధ్యక్షుడు దొరకడు. ఉప్పాడ మగ్గముల ప్రస్తావనలో ఈ మాటతో మరల పని పడును.

ఇక్కడ ఒక చిన్న సంగతి. ఏటేట నవంబరు 14వ తేదీ మొదలు గ్రంథాలయ వారోత్సవములు జరుగుచున్నవి. ఆ దినము జవహర్‌లాలు నెహ్రూ జన్మదినమని బడిపిల్లలందరకు తెలియును. 1919లో అదే తేదీన మద్రాసు నగరమున బరోడా రాజ్యపు గ్రంథాలయాధికారి కుడాల్కరుగారి అధ్యక్షతను అఖిలభారత పౌరగ్రంథాలయ మహాసభ జరిగినదనియు, దానిని జరిపించుటకు పూనుకొన్నవారు ఆంధ్రులనియు వారోత్సవ సభలలో ఉపన్యసించు పెద్దలలోనే కొందరకు తెలియదు. రంగుకాగితముల తోరణములకు లోటులేదు.

సంఘమనగా నేమి? బోర్డుమీద వ్రాసిన పదిపేర్లు కావు. సాయంకాలము దీపము వెలిగించువాడొకడు. వచ్చిన పత్రికను అక్షరము రానివారికి వినబడునట్లు చదువువాడొకడు. పుస్తకము తీసికొనిపోయి మూడు నెలలైనను ఈయనివారి యింటికి పోయి, కూర్చుండి, మజ్జిగ త్రాగి, పుస్తకము పుచ్చుకొని వచ్చువాడొకడు. ఈ చివరి పని అన్నిటికంటె కష్టమైనది; జీతగాడు చేయలేడు. అతడు తాఖీదు వ్రాయును. తాఖీదు అందుకొన్నవాడు పుస్తకము తెచ్చి యిచ్చినను మరల గ్రంథాలయపు గడప త్రొక్కడు. సంఘసభ్యుడు వచ్చి అడిగినచో పుస్తకము తిరిగివచ్చును, మనుష్యుడును తిరిగివచ్చును.

సంఘబలమునకు మేము చూపదలచిన తార్కాణము వేటపాలెము. అదియు ఉప్పాడవలెనే తీరమునకు చేరువనున్న నేతవారి ఊరు. 1918 అక్టోబరు 15వ తేదీన అచ్చట హిందూ యువజన సంఘమువారు సారస్వత నికేతనమును స్థాపించిరి. ఊటుకూరి వేంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు దానికి ప్రాణము. యువజన సంఘమునకు జిల్లాబోర్డు దయ లేదు, దివాణపు ప్రాపు లేదు. ఊరి వర్తకుల చందాలు, యువకుల కాళ్లు చేతులు, ఇవియే మూలధనము. 1929లో మహాత్ముడు ఆంధ్రదేశమున పర్యటించుచు వేటపాలెము వచ్చి నూతన భవనమునకు శంకుస్థాపన గావించెను. అచ్చట విరిగిన ఆయన చేతికర్ర నేటికిని ఆ నికేతనముననే భద్రముగ ఉన్నది. చూడబోయినవారందరు దానిని చూచి వచ్చుచున్నారు. మాకు మాత్రము ఆ కర్రకంటె ఆ బీరువాలలోని పాతపత్రికల సంపుటములు ఎక్కువ విలువగలవిగా తోచును. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక మొదలగు వానిలో ఏనాడేమి వచ్చినదో తెలిసికొనుటకు విశ్వవిద్యాలయములలో పరిశోధనలు చేయువారు, విదేశ పండితులు సైతము వేటపాలెము రైలుస్టేషనులో దిగవలసివచ్చినది. పాతపత్రిక పొట్లములకు పనికివచ్చును. దానిని అమ్మివేయక వరుసతప్పకుండ దాచుటకు ఒకని జీవితము చాలదు. మొదటి తరమువారు దాచినదానిని రెండవ తరమువారు పారవేయకుండుటకు నడుమ సంఘమొకటి ఉండవలెను. నికేతనము ప్రభుత్వపరము కాక సంఘపు చేతులలోనే నడచుచు వచ్చినది. వేటపాలెమునకు ప్రక్కనున్న చీరాల పేరాల ప్రజలు 1921లో పురపాలక సంఘపు పన్నుల నంగీకరింపక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఇండ్లు వాకిండ్లు విడిచి రామనగరమున పాకలు వేసికొని నెలల తరబడి నివసించిరి. పన్ను కట్టుచున్నాము గదా, మాకేమి చేసితిరని అడుగుట ఆ ప్రాంతపువారికి కొత్తగాదు. ఈ ప్రశ్నతోను మనకు మరల పని యున్నది.

పుస్తకమున్నచోటికి మనుష్యుడు రాలేనపుడు మనుష్యుడున్నచోటికి పుస్తకమును తీసికొనిపోవుట మన సంఘములు ఎరుగని విద్య కాదు. ఆ కాలమున డెల్టా గ్రామములకు కాలువలే రహదారులు. పడవప్రయాణమనగా గంటల తరబడి ఊరక కూర్చుండుట. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలమున కృష్ణకాలువ పడవలలో గ్రంథాలయమును పెట్టిరి. ప్రయాణికుడెక్కును, ఒక పుస్తకము తీసికొనును, దిగునపుడు ఇచ్చివేయును. ఈ ఏర్పాటున వింతయేమియు లేదు. మనుష్యునకు తీరిక ఎచ్చట దొరకునో కనిపెట్టి అచ్చట పుస్తకముంచిరి. ఊరితో కలిసి బ్రతుకువానికి గాని ఈ కిటుకు తట్టదు.

ఆనాటి సంఘములు నిర్దుష్టములని మేము చెప్పుట లేదు. గ్రంథాలయమును దేవాలయముతో పోల్చుట అప్పటి ఉపన్యాసకులకు వాడుక. దేవాలయములోనికి రానీయబడనివారికి ఆ పోలిక ఎట్లు వినబడినదో ఆ ఉపన్యాసకులలో అనేకులు ఆలోచింపలేదు. చిలకమర్తివారివలె హరిజనులకు పాఠశాల పెట్టినవారు వేళ్లమీద లెక్కింపదగినవారు. పలుగ్రామములలో పుస్తకశాల అగ్రవర్ణములవారి వీథి అరుగుమీద ఉండుటచేత, ఆ వీథిలో నడచుటకే సంకోచించువాడు పుస్తకమడుగుట కల్ల. స్త్రీలమాట సరేసరి; పుస్తకమును వారికొరకు మగవారు ఎన్నుకొని తెచ్చిరి. మరియొక దోషము: సంఘమన్నపేరే గాని పెక్కుచోట్ల ఒక్క మనుష్యుడే సంఘము. అతడు ముసలివాడగుటతో పుస్తకములకు చెదలు పట్టినవి.

ఈ దోషములకు మందు చట్టమని తలచిరి. తలచుట తప్పుకాదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారివంటి పెద్దలు పౌరగ్రంథాలయ చట్టము కావలయునని యేండ్లతరబడి పోరాడిరి. 1908లో రాజద్రోహ నేరముపై కారాగారమున కేగిన ఆ దేశభక్తుడు తన చివరి దశాబ్దములను వయోజన విద్యకును గ్రంథాలయములకును ధారపోసెను. 1948లో మద్రాసు రాష్ట్రపు చట్టము, 1955లో హైదరాబాదు రాష్ట్రపు చట్టము, 1960లో ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయముల చట్టము వచ్చినవి. సర్వోత్తమరావుగారు ఆ 1960లోనే దివంగతులైరి. చట్టమువలన జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడినవి. ఇంటిపన్నుమీద గ్రంథాలయపు పన్ను విధింపబడినది. ఇప్పటి లెక్క రూపాయికి 8 పైసలు. ఇంటిపన్ను 500 రూపాయలు కట్టు గృహస్థు గ్రంథాలయము నిమిత్తము మరి 40 రూపాయలు కట్టుచున్నాడన్నమాట. కూలివాడును కట్టుచున్నాడు, నేతగాడును కట్టుచున్నాడు. ఉన్నవాని అరుగునుండి గ్రంథాలయమును అందరి ఆస్తిగా మార్చినది ఈ పన్నే. దీనిని మేము మనఃపూర్వకముగ సమర్థించుచున్నాము.

కాని రెండు కీడులు వెంటవచ్చినవి. పంచాయితీలును పురపాలక సంఘములును ఈ పన్నును వసూలుచేసి, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టక, తమ ఖర్చులకు వాడుకొనుట పరిపాటియైనది. బకాయిలు కోట్లకెక్కినవని అధికారులే మొఱపెట్టుకొనుచున్నారు. గ్రంథపాలకుల ఖాళీలు పూరింపబడవు, కొత్తపుస్తకములు రావు. ఇది మొదటి కీడు. రెండవది కంటికి కనబడనిది. చట్టము వచ్చినది గదా, ఇక ప్రభుత్వమే చూచుకొనునని ఊరిసంఘములు చేతులు కడుగుకొనినవి. తాళపుచెవి ఊరివాని మొలనుండి కచేరి మేకునకు మారినది. ఆ తరువాత గ్రంథాలయము తెరచినారా లేదా యని విచారించువారు లేకపోయిరి. బకాయిని అడుగువాడు లేకపోవుటయే బకాయి పెరుగుటకు కారణమని మా అభిప్రాయము. మొదటి కీడునకు తల్లి రెండవ కీడే.

స్వచ్ఛంద సేవయని పిలుపునిచ్చినచో ప్రభుత్వము తన బాధ్యతను తప్పించుకొనుటకు దారి చూపినట్లగునని కొందరు మిత్రులు ఆక్షేపింతురు. ఆక్షేపణ తీసివేయదగినది కాదు. జీతమిచ్చి పెట్టవలసిన గ్రంథపాలకుని స్థానమున ఊరి నిరుద్యోగిని ఊరక కూర్చుండబెట్టుటను మేమును ఒప్పుకొనము. మేము కోరునది కూలిలేని కూలివాండ్రను కాదు. పన్ను కట్టిన యజమానుల సంఘమును కోరుచున్నాము. అట్టి సంఘము చేయవలసిన మొదటిపని పుస్తకములు పోగుచేయుట కానేకాదు. ఈ సంవత్సరము మా ఊరిలో గ్రంథాలయపు పన్నుక్రింద ఎంత వసూలైనది, అందులో ఎంత జిల్లా సంస్థకు పంపితిరి అని పంచాయితీకి కాగితము పెట్టుట మొదటిపని. 2005నాటి సమాచారహక్కు చట్టము ఉండనే ఉన్నది. ఆ లెక్కను అచ్చువేసి గ్రంథాలయపు తలుపుమీద అంటింపవలెను. చీరాలవారివలె ఊరు విడిచిపోనక్కరలేదు, కాగితమొకటి చాలును. పిదప పుస్తకములమాట.

ఉప్పాడలో సంఘము తలపెట్టువారు ముందుగా ఊరి తీరిక వేళలను కనిపెట్టవలెను. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరబోటులకు వేట నిషేధము. చేపలు గుడ్లుపెట్టు కాలమని ఆ నియమము. ఈ రెండునెలలు మత్స్యకారుడు ఒడ్డుననే ఉండును, వలలు బాగుచేసికొనుచుండును. పగటిపూట కచేరి వేళలకు తెరచి మూయు పుస్తకశాల తక్కిన పదినెలలు అతనికి అక్కరకు రాదు. ఈ రెండునెలలును వలల కొట్టము దగ్గరకు పుస్తకము నడచిరానిదే అక్కరకు రాదు. కాలువపడవలోని ప్రయాణికునకు నాగభూషణముగారు చేసినదే ఇక్కడ చేయవలసినది. ఏ పుస్తకములని అడిగినచో, వాతావరణ సూచనలను చదువుట ఎట్లు, బోటు బీమా షరతులేమి, సహాయధనమునకు దరఖాస్తు ఎట్లు పెట్టవలె అను చిన్న పుస్తకములు మొదట. కథలు, భారత రామాయణములు, పిల్లల బొమ్మలపుస్తకములు ప్రక్కనే ఉండవలెను. మొదటివాటికొరకు వచ్చినవాడు రెండవవాటిని తీసికొనిపోవుట లోకమున చూచుచున్నదే.

నేతగాని తీరిక వేరు. అతని కన్నులకు, చేతులకు తీరిక లేదు, చెవులకు కలదు. జమదానీలో నాడె పరుగు తక్కువ, చేతి అల్లిక ఎక్కువ. మాట వినబడునంత నెమ్మదిగ పని సాగును. పదవ తరగతి చదివిన పిల్ల ఒకతె మగ్గముల మధ్య కూర్చుండి గంటసేపు పత్రికను, నవలను పైకి చదివినచో నలుగురైదుగురు వినగలరు. చిలకమర్తి పంతులుగారు తమ జీవితమున చాలభాగము ఇట్లే చదివిరి. చదివిన పిల్లకు సంఘమువారు నెలకు కొంత పారితోషికమిచ్చుట న్యాయము. అది చందాలనుండి రావలెను.

మరియొక పని ఉప్పాడ గ్రంథాలయము తప్ప వేరొక గ్రంథాలయము చేయలేదు. సముద్రము మ్రింగిన వీథులపేర్లు, ఏ యింటిలో ఎవరుండిరి, ఏ గట్టు ఏ తుపానులో తెగినది అను సంగతులు ముసలివారి నోళ్లలో ఉన్నవి. కాగితముమీద లేవు. ఇల్లు కోల్పోయినవాడు నష్టపరిహారమునకు పోయినపుడు కచేరిలో అడుగు మొదటిప్రశ్న, నీ యిల్లు అచ్చట ఉన్నట్లు నిదర్శనమేమి అని. పాతచీరలమీది పువ్వుల అచ్చులును అట్లే. నేర్చినవాడు పోయినచో పువ్వును పోవును. వేటపాలెమువారు దేశపు పత్రికలను దాచిరి. ఉప్పాడవారు తమ వీథులను, తమ పువ్వులను ఒక పెద్ద దస్త్రపు పుస్తకమున దాచవలెను. వ్రాయుటకు ఇద్దరు యువకులు, చెప్పుటకు ఇంటింటి అవ్వలు తాతలు చాలును. వేట నిషేధపు 61 దినములలో తీరవాసులైన పెద్దలందరను కలియవచ్చును. సంఘములో మత్స్యకారుల వీథినుండి సగముమంది, స్త్రీలు సగమునకు తక్కువ కాకుండ ఉండవలెనని మొదటి నియమావళిలోనే వ్రాసికొందురుగాక. ఆనాటి అరుగులమీది పొరపాటు మరల జరుగకూడదు.

ఇక గ్రంథాలయము ఎచ్చట పెట్టుట యను ప్రశ్న. తీరపు రోడ్డున కూడదు. ఊరిలోపల, ఎత్తయిన నేలమీద. గోడబీరువాలు వద్దు. దస్త్రములును విలువగల పుస్తకములును రేకుపెట్టెలలో ఉండవలెను. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి ఏ పెట్టెను ఎవరు మోయవలెనో, పిఠాపురమున ఎవరి యింట చేర్చవలెనో పేర్లతో సహా ముందుగనే వ్రాసియుంచవలెను. పెట్టె ఒకటి ఇద్దరు మోయగలిగినంత బరువుకంటె మించరాదు. రెండు ప్రక్కల పట్టుకొనుటకు గట్టి చెవులుండవలెను.